అమెరికాలో ఇంకా బుధవారమే

చదివేవారు ముందుగా నన్ను మన్నించాలి. నేను అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. మా మనవరాలు బన్నీని ఆదివారం తెలుగు తరగతికి తీసుకెళ్ళేదాన్ని. బయట చలికి నిలబడలేక లోపలికి వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని పిల్లలతో పాటు నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. చలికాలంలో జరిగిన సంగతి ఎండాకాలం వచ్చాక పూర్తి చేస్తున్నాను. తప్పులు కనబడితే మీరే సరిచేసుకుని చదువుకోండి.

మా అబ్బాయి మనీష్ ఆక్లాండ్‌కి చదువు కోసం వచ్చి, ఇక్కడే ఉద్యోగం చూసుకుని, అక్షయని పెళ్ళి చేసుకున్నాడు. వాడు విమానాశ్రయం దగ్గర ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. మధ్యాహ్నం షిఫ్టు. అక్షయ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆమె చీకటితోనే వెళ్ళిపోతుంది. మావారు పోయాక నన్ను తెచ్చుకున్నారు. మౌంట్ రాస్కిల్‌లో అద్దె ఇల్లు. బన్నీని బడిలో దింపి వస్తే పొద్దున పూట ఇంట్లో నేనూ వాడూ ఇద్దరమే.

అమెరికాలో సాయంత్రం ఆడే బేస్‌బాల్ ఆటలు మాకు మర్నాడు పొద్దున పదకొండు గంటల వేళకి వస్తాయి. నేను తాలింపు వేసే వేళ. వాడు ఫోన్లో ఆటని టీవీకి ఎక్కించి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అంతకుముందు నాతో వాడికి పెద్ద మాటలుండేవి కావు. బీపీ మాత్ర వేసుకున్నావా, పప్పు ఇంకా ఉందా, అంతే. ఈ ఆట వచ్చాక వాడు నాకు అన్నీ విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో నాకూ బాగానే ఉండేది.

బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారట, మన బౌలర్ లాగా. ఆట మొదలుపెట్టేవాడు స్టార్టర్. ఒకసారి విసిరాక వాడి చేతికి నాలుగైదు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. అందుకని ఒక జట్టుకి రోజుకో స్టార్టర్ ఉంటాడు. అవే రెండు జట్లు వరసగా మూడు నాలుగు రోజులు ఆడినా, విసిరేవాళ్ళు మారిపోతూ ఉంటారు.

"జట్టుని కాదమ్మా చూడాల్సింది, స్టార్టర్‌ని," అనేవాడు. "ఇటు ఎవడు, అటు ఎవడు, ఇద్దరూ పోయిన ఐదు ఆటల్లో ఎలా వేశారు. అంతే. మిగతా జనం అందరూ జట్టు పేరు చూసి డబ్బు పెడతారు. నేను మనిషిని చూసి పెడతాను."

వాళ్ళ పేర్లు నాకు నోరు తిరగవు. పొడుగ్గా ఉండి, విసిరే ముందు వెనక్కి ఊగే ఎడమచేతి వాటం మనిషిని కొబ్బరిచెట్టు అన్నాను. ఎప్పుడూ ఏదో నములుతూ ఉండేవాడు నెమరాయన. బొద్దుగా ఉన్నవాడు గుమ్మడిపండు. మావాడు నవ్వి, వాడూ అలాగే పిలవడం మొదలుపెట్టాడు. "అమ్మా, ఇవాళ గుమ్మడిపండు వేస్తున్నాడు, చూద్దువుగాని రా," అంటే పొయ్యి కట్టేసి వెళ్ళేదాన్ని.

కొన్నాళ్ళకి నాకు విసుగు పుట్టింది. గెలిచిన రోజు వాడి లెక్క వల్ల గెలిచినట్టు. ఓడిన రోజు, "స్టార్టర్ బాగానే వేశాడమ్మా, తర్వాత వచ్చినవాడు చెడగొట్టాడు," అనేవాడు. ఇంకో రోజు గాలి చెడగొట్టేది. ఇంకో రోజు అంపైరు. ఒకసారి గుమ్మడిపండు వరసగా బాగా వేస్తున్నాడు కాబట్టి వాడి మీద పెట్టానన్నాడు. మరోసారి అదే గుమ్మడిపండు వరసగా దెబ్బలు తింటున్నాడు కాబట్టి ఇవాళ తప్పక కోలుకుంటాడని పెట్టాడు.

"రెండింటికీ నువ్వే డబ్బు కడుతున్నావు కదరా," అన్నాను.

"అది ఫారమ్ చదవడం అమ్మా. అనుభవం ఉండాలి."

వాడి లెక్క ఎన్నడూ ఓడిపోలేదు. డబ్బులే పోయేవి.

చలి ముదిరాక ఒక రోజు అక్షయ ఆసుపత్రి నుంచి వచ్చి, తడి కోటు విప్పకుండానే ఒక జరిమానా కాగితం బల్ల మీద పెట్టింది. కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని పరీక్ష చేసి ఇచ్చే వారంట్ గడువు అయిపోయి చాలా రోజులైంది. అరిగిన టైర్లు మారిస్తే తప్ప వారంట్ రాదు. ఆ టైర్లకని తీసి ఉంచిన డబ్బు కొబ్బరిచెట్టు మీద పెట్టాడని అప్పుడు తెలిసింది. ఆ అరిగిన టైర్ల మీదే ఆమె రోజూ చీకట్లో, వానలో వెళ్ళి వస్తోంది.

అదే వారంలో ఆమెకి దూరంగా దక్షిణాన ఉన్న డునెడిన్ ఊళ్ళో ఆసుపత్రిలో పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో చేరాలి. ఆ ఆదివారం సాయంత్రం మనీష్‌ని కూర్చోబెట్టి మాట్లాడింది. నేను బట్టలు మడతపెడుతూ అక్కడే ఉన్నాను.

"ఎంత పోయింది అని నేను అడగట్లేదు మనీష్. ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు మానేస్తే నలుగురం వెళ్దాం. మానకపోతే నేనూ బన్నీ వెళ్తాం."

"మానేస్తానన్నాను కదా."

"ఎప్పట్నుంచి?"

"గురువారం నుంచి. బాబా వారం. మంచి రోజు."

"రేపట్నుంచి ఎందుకు కాదు?"

"మంచి రోజు చూసి మొదలుపెడితే నిలబడుతుంది. అమ్మనడుగు."

గురువారం మొదలుపెట్టిన పని నిలబడుతుందని ఇంట్లో ఎప్పుడూ అనేది నేనే. కాదనలేకపోయాను. అక్షయ నా వైపు ఒకసారి చూసి, "సరే, ఒట్టు పెట్టు," అంది. బన్నీ అక్కడే మార్మైట్ రాసిన రొట్టె తింటోంది. వాడు దాని తల మీద చెయ్యి వేసి, గురువారం నుంచి ఒక్క పందెం కూడా కట్టనని ఒట్టు పెట్టాడు. వాడి చెయ్యి బరువుకి అది తల కొంచెం వంచింది.

గురువారం వాడికి సెలవు. పొద్దున్నే బాబా పటానికి దండం పెట్టుకుని సేమియా పాయసం చేశాను. మానేసిన రోజు కదా, నోరు తీపి చేద్దామని. గిన్నె పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి టీవీ పెట్టి ఉంది. వాడి చేతిలో ఫోను ఉంది.

"ఏంట్రా అది?"

"ఏం లేదమ్మా. ఇదొక్కటే."

"ఇవాళ గురువారం."

"ఇక్కడ గురువారం. ఆట జరిగేది అమెరికాలో. అమెరికాలో ఇంకా బుధవారమే."

"ఒట్టు పెట్టింది ఈ ఇంట్లో."

వాడు ఫోను పక్కన పెట్టి నాకేసి తిరిగాడు. పిచర్ల గురించి చెప్పేటప్పుడు ఎంత ఓపికగా చెబుతాడో అంత ఓపికగా అడిగాడు. "తొలి ఏకాదశి ఏ రోజు చేశావు నువ్వు?"

"కామేశ్వరమ్మ పిన్ని చేసిన రోజే."

"పిన్ని ఇండియాలో ఉంది. ఇక్కడ గుళ్ళో పంతులుగారు ఏమన్నారు? ఇక్కడి పంచాంగం ప్రకారం మర్నాడు అన్నారు. నువ్వు విన్నావా? అందరూ అక్కడ ఉపవాసం ఉన్న రోజే నేనూ ఉంటానన్నావు. నీ ఏకాదశికి ఇండియా లెక్క. నా ఒట్టుకి అమెరికా లెక్క. తప్పేంటి?"

నాకు కోపం వచ్చింది. పాయసం గిన్నె బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టాను.

"కొబ్బరిచెట్టు వేస్తున్నాడమ్మా ఇవాళ," అన్నాడు, నన్ను బుజ్జగిస్తున్నట్టు. "పోయిన ఐదు ఆటల్లో వాణ్ణి ఎవరూ ముట్టుకోలేకపోయారు. అవతల వేసేవాడు నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు. ఇది వస్తే డునెడిన్‌కి సామాను బండి ఖర్చు వచ్చేస్తుంది. మీ కోసమే." అంటూనే ఫోను నొక్కేశాడు.

ఆట మొదలైంది. వాడు పాయసం తింటూ చూస్తున్నాడు. ముందు అవతలి జట్టు వాళ్ళ పిచర్ వచ్చాడు. కుర్రాడు కాదు, గడ్డం నెరిసిన మనిషి. మావాడు తినడం ఆపాడు. తర్వాత ఇటువైపు వాడు వచ్చాడు. నెమరాయన. దవడ ఆడిస్తూ, టోపీ సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"వీడెందుకు వచ్చాడు?" అన్నాడు మనీష్.

గిన్నె కింద పెట్టి ఫోను తిప్పి తిప్పి చూశాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. పిచర్ల పేర్లు చూసే చోట అమెరికా తేదీలు ఉంటాయి. మనం ఎప్పుడూ ఒక రోజు వెనక్కి వెళ్ళి చూసుకోవాలి. వాడు గురువారం పేరుతో ఉన్నది తెరిచి చూశాడు. కొబ్బరిచెట్టు వేసేది మాకు శుక్రవారం. ఈ రోజు వంతు నెమరాయనది. ఆ నెమరాయన మీద పైసా పెట్టకూడదని వాడే నాకు ఎన్నోసార్లు చెప్పాడు.

"ఎప్పుడూ ఇలా చెయ్యలేదమ్మా. ప్రతిసారీ ఒక రోజు వెనక్కి చూసుకుంటాను. ఇవాళే..."

"పొద్దుట్నుంచీ అక్కడ బుధవారం అని నాకు చెబుతూనే ఉన్నావు. నువ్వు మాత్రం గురువారం చూసుకున్నావు."

కట్టిన పందెం వెనక్కి తీసుకోవడానికి వీల్లేదట. ఇద్దరం కూర్చుని చూశాం. ఓడిపోవాలని నేను బాబాకి దండం పెట్టుకున్నాను. నా కొడుకు డబ్బు పోవాలని కోరుకున్నాను. ఒక్కసారి గట్టిగా పోతే, అదీ తన తెలివి మీద తనకే అసహ్యం పుట్టేలా పోతే, మానేస్తాడని నా ఆశ.

నెమరాయన దెబ్బలు బాగానే తిన్నాడు. కొట్టిన బంతి కొట్టినట్టు పోతూనే ఉంది. కానీ వాడి జట్టువాళ్ళు అవతలి గడ్డం మనిషిని అంతకన్నా ఎక్కువ కొట్టారు. చివరికి గెలిచారు. మనీష్ లేచి నిలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. చిన్నప్పుడు జ్వరం తగ్గిన రోజు అలా నవ్వేవాడు.

"చూశావా?" అన్నాడు.

"ఏం చూడాలి? నువ్వు అనుకున్నవాడు అసలు రానేలేదు."

"జట్టు గెలిచింది కదా."

"జట్టుని చూడకూడదన్నావు కదరా. మనిషిని చూడాలన్నావు. ఎవడు విసిరినా ఒకటే అయితే, ఇన్నాళ్ళూ ఆ ఐదేసి ఆటలు వెతికిందెందుకు?"

"అది వేరమ్మా."

"ఏం వేరు?"

"నీకు అర్థం కాదులే."

"అర్థమయ్యేలా చెప్పింది నువ్వే."

వాడు మళ్ళీ ఫోను చూసుకుంటున్నాడు. ఓడిపోయి ఉంటే ఆ రోజు వాడితో ఏదో ఒకటి మాట్లాడగలిగేదాన్ని. గెలిచినవాడితో ఏం మాట్లాడాలి? తేదీ తప్పు చూసి, తప్పు మనిషి మీద డబ్బు పెట్టినా గెలిచాడు. ఇక వాణ్ణి ఆపే మాట నా దగ్గర లేదు.

"అక్షయకి చెప్పకు," అన్నాడు కాసేపటికి. "రేపట్నుంచి నిజంగా మానేస్తాను."

"రేపు కొబ్బరిచెట్టు వేస్తాడు కదా."

వాడు లేచి పాయసం గిన్నె సింకులో పెట్టాడు.

మధ్యాహ్నం బన్నీని వాడే బడి నుంచి తెచ్చాడు. వస్తూ వస్తూ మన కొట్లుండే శాండ్రింగ్‌హామ్ వెళ్ళి జిలేబీ డబ్బా కూడా తెచ్చాడు. వంటింట్లో నేను ఊరుకోలేకపోయాను. "పిల్ల తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట నాలుగు రోజులైనా నిలబడలేదు. సిగ్గుండాలి," అన్నాను. వాడు గబుక్కున తలుపు వైపు చూశాడు. బన్నీ సంచి భుజాన వేసుకుని అక్కడే నిలబడి ఉంది. దానికి తెలుగు మాట్లాడడం రాకపోయినా అర్థమవుతుంది.

ఐదింటికి అక్షయ వచ్చింది. గొడుగు బయట దులిపి, డబ్బా చూసి, "ఏంటి, స్పెషల్?" అంది.

"ఊరికే. మానేసిన రోజు కదా," అన్నాడు మనీష్.

అంత తేలిగ్గా అనేశాడు. నేను వాడి ముఖం చూడలేక స్టవ్ వైపు తిరిగాను. బన్నీ జిలేబీ ముట్టుకోలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని, తన తలకి ఏమైనా అవుతుందా అని వాళ్ళమ్మని ఇంగ్లీషులో అడిగింది.

"నీ తలకేమవుతుంది?" అంది అక్షయ.

బన్నీ నన్ను చూసింది. అక్షయ కూడా నన్నే చూసింది. "అత్తయ్యా?"

మనీష్ కళ్ళతోనే వద్దన్నాడు. వాడు బతిమాలడం చూశాను. పిల్ల చేతులు ఇంకా తల మీదే ఉన్నాయి. చెప్పేశాను. పాయసం దగ్గర్నుంచి నెమరాయన దాకా అన్నీ చెప్పాను.

అక్షయ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మనీష్ మాత్రం లేచి నాతో చెప్పిందే ఆమెతోనూ చెప్పాడు. గురువారం నుంచి అన్నాను, అక్కడ ఇంకా బుధవారమే, మాట తప్పలేదు, పైగా వచ్చిన డబ్బు సామాను బండికే, అని. ఆమె అంతా విని, జిలేబీ డబ్బా మూత పెట్టింది.

"ఒట్టు పెట్టింది అమెరికా పిల్ల తల మీదా?" అంది.

నేను బన్నీని దగ్గరికి తీసుకుని తల నిమిరి, ఏమీ కాదమ్మా, బానే ఉంది, అన్నాను. అది నమ్మలేదు. ఆ వారమంతా పొద్దున లేవగానే అద్దంలో తల చూసుకునేది.

తర్వాత ఇంట్లో గొడవలేమీ జరగలేదు. అదే నన్ను ఎక్కువ విసిగించింది. అక్షయ పెట్టెలు సర్దుతోంది. మనీష్ ఆమెకి సాయం చేస్తున్నాడు, పాత్రలకి కాగితాలు చుడుతున్నాడు. పదకొండు కాగానే చుట్టడం ఆపి టీవీ ముందు కూర్చుంటున్నాడు. "పందెం లేదమ్మా, ఊరికే చూస్తున్నా," అంటాడు. ఉందో లేదో నాకేం తెలుసు? ముందు అక్షయా బన్నీ వెళ్తారని, ఒకటి రెండు నెలల్లో వాడు ఉద్యోగం చూసుకుని వస్తాడని అనుకున్నారు. ఆ మాట నమ్మినట్టు ఇద్దరూ ఒకరితో ఒకరు నటిస్తున్నారు. నేను వాడి దగ్గరే ఉంటానని అందరూ అనుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

ఆదివారం తరగతిలో మాకు చెప్పే విజయలక్ష్మి గారు బన్నీకి వీడ్కోలు చెప్పి నన్ను పక్కకి పిలిచారు. "మీరు ఉంటారు కదా పిన్నిగారూ?"

"వెళ్దామా అని ఆలోచిస్తున్నానమ్మా," అన్నాను. పైకి అన్నదాకా నాకూ తెలియదు.

"కోడలి వెంటా? అబ్బాయి ఒక్కడే అయిపోతాడు."

"వాడికేం, టీవీలో రోజూ రెండు జట్లూ కలిపి పద్దెనిమిది మంది తోడున్నారు."

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

సామాను బండి వచ్చిన రోజు సన్నగా వాన. అక్షయ నా దగ్గరికి వచ్చి, "అత్తయ్యా, మీరు ఇక్కడే ఉండండి. నేనేమీ అనుకోను. నిజంగా," అంది.

"నా సూట్‌కేసు కూడా ఎక్కించమను," అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి సూట్‌కేసు తెచ్చింది. మనీష్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"నువ్వెందుకమ్మా? నేను నీకేం చేశాను?"

"నాకేం చెయ్యలేదు నాన్నా."

"మరి?"

"నేనిక్కడ ఉంటే రోజూ పదకొండింటికి నీ ఎదురుగా వచ్చి కూర్చుంటాను. నువ్వు చెబుతావు, నేను వింటాను. వినేవాళ్ళున్నంతసేపూ నువ్వు చెబుతూనే ఉంటావు."

"వినడం మానెయ్, అంతేగా."

"మానలేను. నువ్వు నాతో మాట్లాడేది అదొక్కటే."

వాడు సూట్‌కేసు అక్షయ చేతిలోంచి తీసుకుని తనే బండిలో పెట్టాడు. అది పడిపోకుండా రెండు పెట్టెల మధ్య ఇరికించాడు. వాడికి చాలా కోపంగా ఉందని ఆ ఇరికించడంలో తెలిసింది.

ఇక్కడ డునెడిన్‌లో రోడ్లన్నీ కొండ ఎక్కినట్టు ఉంటాయి. గాలి ఎముకల్లోకి దిగుతుంది. అక్షయ ఆసుపత్రికి నడిచే వెళ్తుంది. బన్నీ అద్దంలో తల చూసుకోవడం మానేసింది. మనీష్ రోజూ ఫోన్ చేస్తాడు, అదీ పదకొండింటికే. "అమ్మా, ఇవాళ..." అని మొదలుపెడతాడు. "తిన్నావా?" అని అడ్డం పడతాను. తిన్నానంటాడు. ఏం తిన్నావంటే చెప్పలేడు. తర్వాత ఇద్దరి దగ్గరా మాటలుండవు. ఫోను పట్టుకుని వాడి ఊపిరి వింటూ కూర్చుంటాను. నెమరాయన ఎలా ఉన్నాడురా అని అడగాలని నోటిదాకా వస్తుంది. మింగేస్తాను.

నవంబరులో ఒక రోజు ఫోన్ చేసి, "మూడు వారాలైందమ్మా, ఒక్కటి కూడా కట్టలేదు," అన్నాడు. ఎంత సంతోషించానో. ఫోను పెట్టేసి ఆ సంతోషంతో వంటింట్లోకి వెళ్ళి అక్షయకి చెప్పాను. ఆమె బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే అంది.

"సీజన్ అయిపోయింది అత్తయ్యా. ఆటే లేదు, దేని మీద కడతాడు?"

మళ్ళీ ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. అడిగితే ఏం చెబుతాడో కూడా తెలుసు. క్రిస్మస్ సెలవులకి వస్తానన్నాడు. ఇక్కడ గోడౌన్ ఉద్యోగాలు చూస్తున్నానన్నాడు. "రానివ్వండి, చూద్దాం," అంది అక్షయ. వాడికి ఇష్టమని గుత్తి వంకాయ చేద్దామని, ఇక్కడి కొట్లలో చిన్న వంకాయల కోసం వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు.

ఆ ఆటలు మళ్ళీ మార్చి నెలాఖరులో మొదలవుతాయట. వాడు నిజంగా మానేశాడో లేదో అప్పటిదాకా నాకు తెలియదు. వాడికీ తెలియదనుకుంటాను.

సీతారత్నం
వయసు అరవై ఏడు
ప్రస్తుతం ఉంటున్నది కోడలి దగ్గర, డునెడిన్‌లో